ఆ గడ్డి ఎవరిది?

"డబ్బు గురించి ఆలోచించకండి సార్. ఒక్క మనిషి కూడా కనిపించని చోటు కావాలి, అంతే."

హైదరాబాద్ బార్కస్‌లోని నా టికెట్ల దుకాణంలో కూర్చుని ఈ మాట చాలాసార్లు విన్నాను. పదిహేనేళ్ల కిందట నా దగ్గరికి వచ్చేవాళ్లకు జిద్దా, దుబాయ్, మస్కట్ తప్ప మరో ఊరితో పని లేదు. ఉమ్రాకు వెళ్లేవాళ్లు కొందరు, పనికి వెళ్లేవాళ్లు కొందరు. ఇప్పుడు గల్ఫ్‌లో నిలదొక్కుకున్న కుటుంబాలు, తుక్కుగూడ వైపు భూములు అమ్ముకున్నవాళ్లు, సొంత ఆసుపత్రులు పెట్టుకున్న డాక్టర్లు వచ్చి కెన్యా, టాంజానియా, బోట్స్వానా అంటున్నారు. మామూలు యాత్ర కాదు వాళ్లు అడిగేది. మనిషికి రాత్రికి లక్ష రూపాయలైనా సరే, పెద్ద టెంటు కావాలి. దాని ముందు ఏనుగులు నీళ్లు తాగే మడుగు ఉండాలి. అక్కడికి చిన్న విమానంలో దిగాలి. అడగడంలో తప్పు లేదు. డబ్బు వాళ్లు చెమటోడ్చి సంపాదించింది, ఏనుగుల గుంపును కళ్లారా చూడాలన్న కోరిక మంచి కోరిక. నా పోట్లాట ఆ కోరికతో కాదు, దాని చుట్టూ అల్లుకున్న ఒక నమ్మకంతో.

ఆ నమ్మకం ఏమంటుందంటే, మనిషి అడుగు పడని అడవి ఆఫ్రికాలో ఇంకా మిగిలి ఉంది. దాన్ని చూడాలంటే ఖర్చు పెట్టాలి. లాడ్జి ఎంత ఖరీదైతే అడవి అంత అసలైనది. పైగా మనం కట్టే డబ్బే జంతువులను కాపాడుతుంది కాబట్టి ఎంత ఎక్కువ కడితే అంత పుణ్యం. ప్రయాణ పత్రికలు ఇదే రాస్తాయి, వీడియోలు ఇదే చూపిస్తాయి, నా వృత్తిలో ఉన్నవాళ్లు ఇదే అమ్ముతారు. నేనూ కొన్నాళ్లు ఇదే అమ్మాను. అందుకే దీన్ని ఖండించే బాధ్యత నాకు మిగతావాళ్లకంటే కొంచెం ఎక్కువే ఉంది.

ముందు 'సఫారీ' అన్న మాట దగ్గర మొదలుపెడతాను. ఎందుకంటే ఈ మాట మా బజారుది.

సఫారీ అనేది స్వాహిలీ పదం. స్వాహిలీలోకి అది అరబ్బీ 'సఫర్' నుంచి వచ్చింది. సఫర్ అంటే ప్రయాణం. బార్కస్‌లో ఉర్దూలోనూ, అరబ్బీ తెలిసిన ముసలివాళ్ల నోటా రోజూ వినిపించే మాటే. నైరోబీలో బస్సెక్కి సొంతూరికి పోయే మనిషి ఈ రోజుకీ సఫారీకే పోతున్నాడు. పెళ్లికి పోయినా సఫారీయే, చావుకు పోయినా సఫారీయే. అందులో సింహం లేదు, పైకప్పు తెరిచిన జీపు లేదు. ఉన్నదల్లా ఒక చోటు నుంచి ఇంకో చోటికి కదిలే మనిషి.

బార్కస్ అనే పేరే బ్యారక్స్ నుంచి పుట్టింది. నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల బ్యారక్స్ ఇవి. ఆ సైన్యంలో జమేదారుగా ఎదిగిన కుఐతీ వంశం హైదరాబాద్ సంపాదనతో హద్రమౌత్‌లో ఒక సుల్తాను రాజ్యాన్నే నిలబెట్టింది. 1967 దాకా ముకల్లా నుంచి పాలించింది. ఇక్కడి ఒక బస్తీకి ఒమన్ ఊరి పేరు మీద సలాలా అని పేరుంది. మండీ, హరీస్, పెళ్లిళ్లలో మర్ఫా డప్పు, అన్నీ సముద్రం దాటి వచ్చినవే. అయితే హద్రమౌత్ ఓడలు ఒక్క బొంబాయి వైపే రాలేదు. గాలివాటం మారినప్పుడు అవే ఓడలు మొంబాసాకు, లాముకు, జాంజిబార్‌కు పోయాయి. లాములో పేరున్న రియాదా మసీదును నెలకొల్పిన హబీబ్ సాలెహ్ హద్రమీ వంశస్థుడే. ఇక మర్ఫా సంగతి అంటారా, దాన్ని అరబ్బులతో పాటు హైదరాబాద్‌లో నిలబెట్టినవాళ్లు సిద్దీలు. ఏసీ గార్డ్స్‌లో స్థిరపడిన ఆఫ్రికా సంతతి వాళ్లు. ఆ బస్తీ పేరులోని ఏసీకి అర్థం ఆఫ్రికన్ కావల్రీ.

మా సందులో ఉండే పెద్దాయనను అందరం చిచా అంటాం. ఆయన తాత ముకల్లాలో ఓడెక్కి బొంబాయిలో దిగాడు. తాత తమ్ముడు అదే ఏడాది ఇంకో ఓడెక్కి లాములో దిగాడు. మళ్లీ రాలేదు. "ఇద్దరూ సఫర్‌కే పోయిన్రు బేటా. ఒకాయన అటు, ఒకాయన ఇటు" అంటాడు చిచా. ఆఫ్రికా అంటే ఆయనకు ఖాళీ అడవి కాదు, ఉత్తరాలు ఆగిపోయిన ఒక చుట్టం ఇల్లు. అలాంటి బార్కస్‌లో కూర్చుని 'మనుషుల్లేని ఆఫ్రికా' ప్యాకేజీ అమ్మడం నాకు రానురాను గొంతులో ముల్లయింది.

మరి ఆ మాటలోంచి మనిషిని తీసేసిందెవరు? తెల్ల వేటగాళ్లు. 1909లో అమెరికా అధ్యక్ష పదవి దిగగానే థియోడర్ రూజ్వెల్ట్ తూర్పు ఆఫ్రికాకు వెళ్లాడు. తానూ తన కొడుకూ కలిసి 512 జంతువులను చంపినట్టు ఆయనే తన పుస్తకంలో లెక్క రాసుకున్నాడు. ఆ బృందం సామాను మోసింది వందల మంది స్థానిక కూలీలు. టెంట్లు వేసి, నీళ్లు కాచి, పుస్తకాల పెట్టెలు సైతం మోసిన మనుషులు. ఇప్పుడు విలాస సఫారీ అని అమ్ముతున్న హంగులకు మూలం అక్కడే ఉంది. కాన్వాస్ టెంటులో తెల్లని దుప్పటి, అడవి మధ్యలో వేడినీళ్ల స్నానం, చీకటి పడగానే మంట చుట్టూ కుర్చీలు, ఇదంతా వేటగాడి విడిది. మనవాళ్లు బుకింగ్‌కు ముందే అడిగే 'బిగ్ ఫైవ్' కూడా వేటగాడి జాబితాయే. సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న. కాలినడకన వేటాడితే ప్రాణం మీదికి తెచ్చేవి ఈ ఐదు. అందుకే వాటిని విడిగా లెక్కపెట్టారు. కెన్యా 1977లోనే వేటను నిషేధించింది. లెక్కపెట్టే అలవాటు మాత్రం ఇంకా పోలేదు. "మూడు రోజుల్లో ఐదూ చూపిస్తారా?" అని అడిగే తండ్రికి ఇది చెబితే నొచ్చుకుంటాడు, కానీ చెప్పాలి. అలా అడిగితే జిరాఫీ, హైనా, అడవికుక్క, ఐదారు వందల రకాల పక్షులు కళ్ల ముందే ఉన్నా లెక్కలోకి రావు. చిరుత కోసం డ్రైవరు రేడియోలో అరుస్తూ పరుగెడతాడు, ఒక చెట్టు కింద ముప్పై జీపులు మూగుతాయి.

ఇక మనిషి అడుగు పడని అడవి. ఈ మాట వింటే నాకు ఎక్కువ కోపం వచ్చేది అది అబద్ధమైనందుకు కాదు, బలవంతంగా దాన్ని నిజం చేసినందుకు.

కెన్యాలో పశుకాపరులైన మసాయిలను బ్రిటిష్‌వాళ్లు 1904లో ఒకసారి, 1911లో మరోసారి ఒప్పందాల పేరు మీద మంచి మేత భూముల నుంచి జరిపేశారు. మసాయిలు కోర్టుకెక్కారు, 1913లో ఓడిపోయారు. టాంజానియాలో సెరెంగెటీని 1951లో జాతీయ పార్కు చేశారు. 1959లో మసాయిలను అక్కడి నుంచి పంపించి, ఎన్‌గొరొంగోరోలో ఉండనిస్తామని మాట ఇచ్చారు. అదే ఏడాది జర్మన్ జంతుశాస్త్రవేత్త బెర్న్‌హార్డ్ గ్రిజిమెక్ తీసిన సెరెంగెటీ సినిమా వచ్చింది, ఆస్కార్ కూడా గెలిచింది. ఆయన జంతువులను ప్రాణంగా ప్రేమించినవాడు, ఆ పనిలోనే విమానం కూలి కొడుకును పోగొట్టుకున్నాడు. ఆ ప్రేమను నేను శంకించను. కానీ పార్కులో మనుషులు, ఆ నేల మీదే పుట్టిన మనుషులు కూడా, ఉండకూడదన్నది ఆయన వాదం. ఆ సినిమా ప్రపంచానికి నేర్పింది అదే. ఇవాళ నా కౌంటరు ముందు నిలబడి మనుషులు కనిపించకూడదనే పెద్దమనిషి ఆ సినిమా చూసి ఉండడు. అయినా ఆయన నోట పలికేది అదే.

ఎన్‌గొరొంగోరోలో ఇచ్చిన మాట కూడా నిలవలేదు. 2022 నుంచి అక్కడి మసాయిలను సుమారు 600 కిలోమీటర్ల దూరంలోని మ్సొమెరాకు తరలిస్తున్నారు. అదే ఏడాది జూన్‌లో పక్కనున్న లొలియోండోలో 1,500 చదరపు కిలోమీటర్లకు హద్దురాళ్లు పాతడానికి బలగాలు దిగాయి. అడ్డుకున్న మసాయిల మీద కాల్పులు జరిగాయి. ఘర్షణలో ఒక పోలీసు చనిపోయాడు. ఎందరో గాయాలతో సరిహద్దు దాటి కెన్యాలో చికిత్స చేయించుకున్నారు. ఆ ప్రాంతంలో వేట హక్కులు 1992 నుంచి దుబాయ్ రాజకుటుంబంతో సంబంధమున్న ఒక సంస్థ చేతిలో ఉన్నాయి. గల్ఫ్ జీతంతో ఇల్లు కట్టుకున్న బస్తీలో ఈ మాట చెప్పడం కష్టమే. అయినా మా దుకాణం గోడ మీద టాంజానియా పటం వేలాడుతున్నంత కాలం చెప్పక తప్పదు.

బోట్స్వానా కథ ఇంకా చేదు. సెంట్రల్ కలహారీ గేమ్ రిజర్వును 1961లో ఏర్పాటు చేసినప్పుడు, అక్కడ తరతరాలుగా ఉన్న సాన్ జనానికి వాళ్ల భూమి దక్కాలన్నది కూడా ఒక ఉద్దేశం. తర్వాత 1997లో, 2002లో వాళ్లనే బయటికి పంపించారు. వాళ్ల బోరుబావిని మూసేశారు. సాన్ ప్రజలు కోర్టుకెళ్లి 2006 డిసెంబరులో గెలిచారు, తమను వెళ్లగొట్టడం చట్టవిరుద్ధమని తీర్పు తెచ్చుకున్నారు. కానీ నీళ్లు రాలేదు. నీళ్ల కోసం మళ్లీ కేసు వేసి, 2011లో అప్పీలు కోర్టులో గెలవాల్సి వచ్చింది. ఈలోగా అదే రిజర్వులో ఒక సఫారీ లాడ్జి తెరిచారు, అందులో ఈతకొలను ఉంది. ఎడారి. పాతవాళ్ల బోరుకు మూత. కొత్తవాళ్లకు కొలను. లాడ్జి ఎంత ఖరీదైతే అడవి అంత అసలైనదన్న వాదానికి ఇంతకంటే గట్టి జవాబు నా దగ్గర లేదు.

"మనుషులు, పశువులు ఉంటే జంతువులు మిగలవు కదా?" ఇది నాకు ఎదురయ్యే పెద్ద ప్రశ్న. చదువుకున్నవాళ్లు అడుగుతారు, మంచి మనసుతో అడుగుతారు. జవాబు గడ్డిలో ఉంది. 2018లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన అచ్చయింది. నైరుతి కెన్యాలో వేల ఏళ్ల కిందటి పశుకాపరులు మందలను రాత్రిళ్లు కట్టేసిన దొడ్ల జాగాలను శాస్త్రవేత్తలు తవ్వి చూశారు. పశువుల పేడ మాగి మాగి ఆ చోట నేల సారవంతమైంది. రెండు మూడు వేల ఏళ్లు గడిచినా ఆ సారం తరగలేదు. చుట్టుపక్కల కంటే అక్కడ గడ్డి చిక్కగా, తియ్యగా మొలుస్తుంది, అడవి జంతువులు దానికోసం వస్తాయి. మన రైతులకు ఇది వింత కాదు. పాలమూరు గొల్లల మంద ఒక రాత్రి చేన్లో పడుకుంటే ఆ చేను మరుసటి ఏడు ఎలా పండుతుందో వాళ్లను అడగండి. మనం లక్షలు పోసి చూడబోయే ఆ పచ్చిక, దాని మీద మేసే జీబ్రా, దాన్ని పొంచి చూసే సింహం, అన్నీ పశుకాపరి నడిచిన దారి మీద నిలబడినవే. వేల ఏళ్లు కలిసి మేసిన ఆవు, అడవి జింక ఇప్పుడు హఠాత్తుగా శత్రువులైతే, కారణం ఆవు కాదు. మేత భూమిని ముక్కలు చేసిన హద్దులు, కంచెలు.

కంచె సంగతి నిజమైన సమస్య. దాన్ని దాచను. కెన్యాలోని మసాయి మారా రిజర్వు చుట్టూ ఒకప్పుడు ఉమ్మడిగా ఉన్న మేత భూములను పంచి ఒక్కో కుటుంబానికి పట్టా ఇచ్చారు. పట్టా వచ్చిన మనిషి కంచె వేస్తాడు, గోధుమలు వేస్తాడు, అమ్ముతాడు. మన దగ్గర శంషాబాద్ చుట్టూ జరిగిందే అక్కడా జరిగింది. కంచె పడితే వలస జంతువు దారి తెగిపోతుంది. దీన్ని ఆపింది పార్కు తుపాకీ కాదు, కిరాయి. పట్టాదారులు కలిసి తమ భూమిని ఒక కన్సర్వెన్సీగా కట్టి, కంచె వేయకుండా లాడ్జిలకు లీజుకిస్తారు. లాడ్జిలు క్రమం తప్పకుండా కిరాయి కడతాయి. 2010లో మొదలైన మారా నబోయిషో కన్సర్వెన్సీ ఇలా సుమారు 50 వేల ఎకరాల మీద నిలబడింది. దాని వెనక ఉన్నది ఐదారు వందల మసాయి పట్టాదారులు. అక్కడ లెక్క 350 ఎకరాలకు ఒక టెంటు. నిర్ణయించిన పద్ధతిలో పశువులను మేపుకుంటారు. సింహాలూ ఉన్నాయి. మనుషుల్లేకపోవడం వల్ల కాదు, మనుషులకు అందులో భాగం ఉండబట్టి ఉన్నాయి.

దక్షిణాఫ్రికాలో మకులేకే ప్రజలది ఇంకో దారి. 1969లో వర్ణవివక్ష ప్రభుత్వం వాళ్లను క్రూగర్ జాతీయ పార్కు ఉత్తరపు కొసలోని ఊళ్ల నుంచి తరిమేసి ఆ భూమిని పార్కులో కలిపింది. 1998లో 20 వేల హెక్టార్లకు పైగా భూమి వాళ్లకు తిరిగి వచ్చింది. దున్నుకోవచ్చు, తవ్వుకోవచ్చు అని చూసినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు దాన్ని అడవిగానే ఉంచి, లాడ్జిలకు కిరాయికిచ్చి, యజమానులుగా నిలబడ్డారు. తరిమేసినవాళ్ల కంటే తరిమివేతకు గురైనవాళ్లే అడవిని బాగా చూసుకోగలరని దీనికంటే ఎక్కువ ఎవరు రుజువు చేయాలి? నమీబియా 1996లో చట్టం చేసి ఊరి ఉమ్మడి భూముల మీద జంతువుల హక్కును ఆ ఊళ్లకే ఇచ్చింది. ఇవాళ ఆ దేశంలో అయిదో వంతు భూమి అలాంటి కన్సర్వెన్సీల కింద ఉంది.

ఇక్కడ నన్ను ఆపి, మరి డబ్బే కాపాడుతోందని నువ్వే ఒప్పుకుంటున్నావు కదా అంటారు. కాదు. కాపాడుతున్నది డబ్బు కాదు, డబ్బు చేరే చెయ్యి. విదేశీ కంపెనీకి, మధ్యలో ఏజెంటుకు, విమానానికి, దిగుమతి చేసుకున్న జున్నుకు పోయే లక్ష రూపాయలు గడ్డిపరకను కూడా కాపాడవు. రువాండాలో గొరిల్లాలను చూసే అనుమతికి 1,500 డాలర్లు. అంత కట్టినా పార్కు ఆదాయంలో చుట్టుపక్కల ఊళ్లకు కేటాయించింది పది శాతం. అది అంతకుముందున్న ఐదు శాతం కంటే మేలే. కానీ 1,500 అనే అంకెను చూసి పుణ్యం లెక్కగట్టుకునేవాడు ఆ పది శాతాన్ని కూడా చూడాలి. మసాయి మారా నేషనల్ రిజర్వులో జూలై నుంచి డిసెంబరు దాకా విదేశీయుడికి రోజుకు 200 డాలర్ల రుసుం. అది కౌంటీ ప్రభుత్వానికి వెళుతుంది. పక్కనే ఉన్న కన్సర్వెన్సీలో కట్టే రుసుం పట్టాదారు లీజుకు వెళుతుంది. హద్దుకు ఇటువైపు, అటువైపు అవే ఏనుగులు. టెంట్ల ధరల్లో పెద్ద తేడా ఉండకపోవచ్చు. తేడా అంతా రసీదు వెనకాల ఉంది. ఈ కన్సర్వెన్సీలు లోటులేనివని నేను అనను. 2020లో కోవిడ్‌తో పర్యాటకులు ఆగిపోగానే మారా పట్టాదారులు కిరాయి తగ్గించుకోవాల్సి వచ్చింది. పర్యాటకుడి మీదే ఆధారపడిన అడవి ఎంత బలహీనమో అప్పుడు తెలిసింది. అందుకే వాళ్ల పశువులు, వాళ్ల మేత హక్కు ముఖ్యం. పర్యాటకుడు రాని ఏడాది వాళ్లను బతికించేది అవే.

"మేం నాలుగు రోజులు సెలవుకు పోతున్నాం. ఈ రాజకీయం మాకెందుకు?" ఇదీ వింటాను. బార్కస్‌లో మాత్రం ఈ మాట అనకూడదు. 1948లో పోలీసు చర్య తర్వాత ఇక్కడి అరబ్బులను పరాయివాళ్లుగా లెక్కగట్టి నిర్బంధించారు. కొందరిని ఓడలెక్కించి ఏడెన్ వైపు పంపించేశారు. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు కూడా ఈ నేల తమదేనని చూపించుకోవాల్సి వచ్చింది. చిచా తండ్రి ఆ రోజులను ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదట. ఆ ఇళ్లలో పుట్టినవాళ్లకు, ఒక పటం మీద గీత గీసి "మీరు ఇక్కడివాళ్లు కాదు" అనడం అంటే ఏమిటో ఇంకొకరు చెప్పాలా?

తెలుగువాళ్లం మనం కూడా తప్పించుకోలేం. చాంద్రాయణగుట్ట నుంచి బార్కస్, పహాడీషరీఫ్ మీదుగా సాగే దారి శ్రీశైలం రోడ్డు. అదే దారిలో పోతే మన్ననూరు, ఆ పైన నల్లమల. అమ్రాబాద్ పులుల రిజర్వు 2,611 చదరపు కిలోమీటర్లు. లోపల ఫర్హాబాద్‌లో ఒకప్పుడు నిజాం వేట విడిది ఉండేది, ఇప్పుడు అక్కడ సఫారీ జీపులు తిరుగుతున్నాయి. ఆ అడవి చెంచులది. వాళ్లు మాట్లాడేది తెలుగు. పులితో పాటు బతికారు, తేనె తీశారు, గడ్డలు తవ్వుకున్నారు. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ వాళ్ల మధ్య ఉండి రాసిన పుస్తకం 1943లో వచ్చింది. ఇప్పుడు కోర్ ఏరియాలోని చెంచు గూడేలైన పెంటలను ఖాళీ చేయించే పథకాలు నడుస్తున్నాయి, కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ. 2019లో ఇదే అడవిలో యురేనియం కోసం తవ్వకాలు మొదలవుతాయన్నప్పుడు ఎదురు నిలిచినవాళ్లలో చెంచులు ముందున్నారు. పులిని కాపాడటానికి చెంచును పంపించాలనే అటవీ శాఖ, యురేనియం నుంచి పులిని ఎవరు కాపాడారో ఒక్కసారి గుర్తు తెచ్చుకోవాలి. రాష్ట్రంలో ఇంకో చోట, 2025 మేలో కుమ్రం భీం పేరు మీద ఒక కన్సర్వేషన్ రిజర్వును ప్రకటించారు. "జల్, జంగల్, జమీన్" అన్న మనిషి పేరు, ఆయన మనుషులకే హద్దు గీసే ఉత్తర్వు మీద. ఆదివాసులు లేచి నిలబడ్డారు. జూలైలో ఆ జీవోను నిలిపివేశారు. ఆఫ్రికాలో కనిపించే నమ్మకం మనదాకా రాలేదనుకునేవాళ్లు ఒకసారి మన్ననూరు దాకా వెళ్లి రావాలి. రెండున్నర, మూడు గంటల దారి.

కాబట్టి ఇప్పుడు నా దగ్గర సఫారీ ప్లాను మొదలయ్యేది జంతువుల జాబితాతోనూ కాదు, స్నానాల గది ఫొటోలతోనూ కాదు. ముందు క్యాంపులకు ఒక ఉత్తరం రాస్తాను. మీ టెంట్లు ఉన్న భూమి ఎవరిది? కిరాయి నెలనెలా వాళ్ల ఖాతాలోకి పోతుందా, పర్యాటకులు రాని నెలలో కూడా పోతుందా? వాళ్ల పశువులకు మేత హక్కు ఉందా? గైడు ఆ ఊరివాడేనా, నడిపించి చూపిస్తాడా? రిజర్వు లోపల జీపు దిగనివ్వరు. కన్సర్వెన్సీలో మసాయి గైడు వెంట కాలినడకన పోవచ్చు. నా దృష్టిలో విలాసమంటే అదే. ఏనుగు అడుగుజాడలో చెయ్యి పెట్టి చూసి, పేడను చూసి అది ఎంతసేపటి కిందట పోయిందో చెప్పే మనిషి పక్కన నడవడం. రాత్రి ఇంటికి పిలిచి డాన్సు చూపించే ఊరి సందర్శనను మాత్రం నేను ప్యాకేజీలో పెట్టను. మనిషిని జాబితాలో ఆరో జంతువును చేయడానికి కాదు నేను ఇంత రాస్తున్నది.

మిగతావి చిన్న పనులు. ఎల్లో ఫీవర్ టీకా నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేయించుకోవాలి, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు. ఆ టీకా కార్డు లేకుండా కెన్యా నుంచి తిరిగివస్తే విమానాశ్రయంలో పట్టుకుని ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. కెన్యా 2017లోనే ప్లాస్టిక్ సంచులను నిషేధించింది, సూట్‌కేసులో చీరలకు చుట్టిన కవర్లు కూడా తీసెయ్యాలి. చిన్న విమానంలో మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి సంచీలో. హలాల్ భోజనం గురించి బార్కస్ కుటుంబాలు దిగులు పడక్కర్లేదు. పెరుగన్నం గురించి మనవాళ్లు ముందే చెప్పుకోవాలి. జూలై, అక్టోబరు మధ్య మారా నది దాటే మందలను చూడాలంటే నెలల ముందే అడగాలి, ఒడ్డున జీపుల రద్దీకి సిద్ధపడాలి. వానలు పడ్డ తర్వాత పోతే మనుషులు తక్కువ, ధర తక్కువ, గడ్డి ఎక్కువ.

మొన్నటి వేసవిలో చిచా పెద్ద మనవడు షార్జా నుంచి భార్యాపిల్లలతో ఇలా వెళ్లి వచ్చాడు. ఐదు క్యాంపులకు ఉత్తరం రాస్తే రెండు జవాబిచ్చాయి. అందులో ఒకటి పట్టాదారుల సంఘం అధ్యక్షుడితో ఫోన్లో మాట్లాడించింది, అక్కడే బుక్ చేశాం. కుర్రాడు తిరిగి వచ్చి దుకాణంలో ఫోన్ తెరిచి ఫొటోలు చూపించాడు. చిచా కళ్లద్దాలు పెట్టుకుని సింహాలన్నిటినీ దాటించి, ఎర్ర దుప్పటి కప్పుకున్న గైడు ఫొటో దగ్గర ఆపాడు. "ఈయనెవరు?" అన్నాడు. ఆయన తండ్రికి ఎన్ని ఆవులున్నాయో, ఆయన చెల్లెలు నైరోబీలో ఏం చదువుతోందో, ఆ గుట్ట మీద ఎవరి దొడ్డి ఉండేదో మనవడు చెబుతూ పోయాడు. చిచా అంతా విని, "మరి లాము పోలేదా?" అని అడిగాడు.

నైరోబీ నుంచి లాముకు చిన్న విమానాలున్నాయని చెప్పాను. పదిహేను కిలోల సంచీ ఒక్కటే ఒప్పుకుంటారని కూడా చెప్పాను. తన దగ్గర అంత సామాను లేదన్నాడు.